'అడ్మినిస్ట్రేటరుగా నడపుము' : ఒక వాక్యముపై విమర్శ

కంప్యూటరు ప్రయోగశాలలలో విద్యార్థుల చేతికిచ్చు ప్రయోగ పుస్తకములను తిరుగవేసినచో, రెండు మూడు పుటలకొకసారి ఒకే వాక్యము ఎదురగుచుండును: "ఈ ప్రోగ్రామును అడ్మినిస్ట్రేటరుగా నడపుము." లినక్సు యంత్రములైనచో అదే వాక్యము వేషము మార్చుకొని, ఆజ్ఞకు ముందు 'సుడో' అను మాటను చేర్చుమని చెప్పును. ఎందులకో పుస్తకము చెప్పదు. విద్యార్థి అడుగడు. అడిగినచో ఉపాధ్యాయుడు సాధారణముగా చెప్పు సమాధానము, "లేకపోతే నడవదు బాబూ" అని. ఈ సమాధానము అబద్ధము కాదు. అందువలననే అది ప్రమాదకరము. కావ్యములకు, నవలలకు విమర్శ వ్రాయుట మనకు అలవాటు. ఒక్క వాక్యమునకు విమర్శ వ్రాయుట విడ్డూరముగా తోచవచ్చును. కాని మన కంప్యూటరు విద్యార్థుల బుద్ధిపై ఈ చిన్న వాక్యము చేసిన పని మరి యే పుస్తకమును చేసియుండదని నా అనుమానము.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో డిగ్రీ ముగించి హైదరాబాదుకో విజయవాడకో పోవు మా విద్యార్థులలో పలువురికి మొదట దొరకు ఉద్యోగము ప్రోగ్రాములు వ్రాయుట కాదు. ఎవరో వ్రాసిన ప్రోగ్రాములను కాచుకొని యుండుట. అందులో ఒక ముఖ్యమైన పని, సంస్థ యొక్క ఈమెయిలు సర్వరును చూచుకొనుట. కొత్తవారికి ఉత్తరాల పెట్టెలు తెరచుట, వెళ్ళిపోయినవారివి మూసివేయుట, నిండినవాటిని పెద్దవి చేయుట, ఈ పనులన్నిటికిని చిన్న చిన్న ఆజ్ఞాపత్రములు, అనగా స్క్రిప్టులు, వ్రాసి నడపుదురు. ఆ స్క్రిప్టుకు ఎంత అధికారమిచ్చి నడపవలెనన్నదే మన ప్రశ్న. దీనికి సమాధానము తెలియక ఉద్యోగములో చేరిన పిల్లవాని కథ ఒకటి నాకు ప్రత్యక్షముగా తెలియును.

కొన్నేండ్ల క్రిందట నేను పనిచేసిన ఒక విద్యాసంస్థలో సొంత ఈమెయిలు సర్వరు ఉండెడిది. అది ఎక్స్చేంజ్ అను సర్వరు. దానిని చూచుకొనువాడు నందిగామ పక్కనుండి వచ్చిన మా పూర్వ విద్యార్థియే. వేసవి సెలవులలో, చదువు ముగించిన విద్యార్థుల పెట్టెలు మూయవలసి వచ్చెను. అతడు పేర్ల పట్టిక ఒకటి తయారుచేసి, ఒక్కొక్క పేరును చదివి ఆ పెట్టెను తెచ్చి మూయునట్లు పవర్‌షెల్ అను భాషలో పది పంక్తుల స్క్రిప్టు వ్రాసెను. పట్టిక చివర ఒక ఖాళీ పంక్తి మిగిలిపోయెను. పేరు చెప్పక 'పెట్టెను తెమ్ము' అన్నచో, ఉన్న పెట్టెలన్నిటిని తెచ్చుట ఆ ఆజ్ఞ స్వభావము. తెచ్చెను. తరువాతి ఆజ్ఞ, తెచ్చినవాటినన్నిటిని మూసెను. ప్రతి పెట్టెకు 'నిశ్చయమేనా?' అని అడుగు ప్రశ్నను అతడు ముందే నోరు మూయించియుండెను, వందల పెట్టెలకు ఎవరు 'ఔను' నొక్కుచు కూర్చుందురు? సాయంకాలమునకు అధ్యాపకుల పెట్టెలు, కార్యాలయపు పెట్టె, పరీక్షల విభాగపు పెట్టె కూడ మూతపడినవి.

ఉత్తరములు నశింపలేదు. మూసిన పెట్టెను ఎక్స్చేంజ్ మామూలుగా 30 దినములు దాచియుంచును. రెండు దినములు కూర్చుండి ఒక్కొక్కటిగా తిరిగి అతికితిమి. కాని ఆ కుర్రవాడు నాతో అన్న మాట మాత్రము నన్ను వదలలేదు. "నాకిచ్చిన తాళాలతోనే కదా సార్ తీశాను. అన్ని తాళాలూ ఎందుకిచ్చారు?" తాళములిచ్చినది సంస్థయే. అన్ని తాళములును తీసికొనుమని నేర్పిన పుస్తకము నేను పాఠము చెప్పిన పుస్తకమే.

పూర్వము జగ్గయ్యపేట నుండి ఉత్తరము ఎట్లు పోయెడిదో పెద్దలనడిగినచో చెప్పుదురు. ఉత్తరములను సంచిలో వేసి, మూతి కట్టి, లక్క ముద్ర వేసెడివారు. సంచిని మోయు రన్నరుకు దానిని విప్పు అధికారము లేదు. సంచిని విప్పి ఉత్తరములను వేరుచేయువానికి ఇనుప పెట్టెలోని మనియార్డరు పైకముతో పని లేదు. ఇది రన్నరుపై అపనమ్మకము కాదు. దారిలో వానిని దొంగలు కొట్టినను పోవునది ఒక్క సంచియే కావలెనని. గ్రామములలో సైతము శిస్తు వసూలు చేయు మునసబు వేరు, లెక్క వ్రాయు కరణము వేరు. (ఇద్దరును కూడబలుకుకొన్ననాడు రైతు గతి ఏమగునో కూడ మన తాతలకు తెలియును. 1984లో ఆ పదవులే రద్దయినవి.)

ఈ జ్ఞానము కంప్యూటరు తపాలాకు చాల ఆలస్యముగా అబ్బినది. 1980 దశకపు ఆరంభమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ విభాగములో ఎరిక్ ఆల్మన్ వ్రాసిన సెండ్‌మెయిల్ అను ప్రోగ్రాము చాలకాలము ప్రపంచపు ఈమెయిలులో పెద్దభాగమును మోసినది. యూనిక్సు యంత్రములలో 'రూటు' అను పేరుగలవాడు సర్వాధికారి; వానికి మూయబడిన తలుపు లేదు. సెండ్‌మెయిల్ ఆ రూటు పేరనే నడచెడిది. దానికి కారణములు లేకపోలేదు. యూనిక్సులో 1024 కంటె తక్కువ సంఖ్యగల ద్వారములను రూటు మాత్రమే తెరవగలడు. ఉత్తరములు వచ్చు ద్వారపు సంఖ్య 25. మరియు, వచ్చిన ఉత్తరమును ఎవరి పెట్టెలో వారి పేరనే పెట్టవలెనన్నచో, అందరి పేరును ధరింపగల వాడొకడు కావలెను. ఈ రెండును నిజమైన అవసరములే. తప్పు ఎక్కడనగా, ఈ రెండు క్షణములకు కావలసిన అధికారమును దినమంతయు ధరించియుండుటలో. వీధిలోనివారితో మాటలాడునది, చిరునామా చదువునది, సంచి కట్టునది, పెట్టెలో వేయునది అంతయు ఒకే ప్రోగ్రాము. చిరునామా చదువుటలో జరిగిన పొరపాటు సర్వాధికారి చేసిన పొరపాటగును. సెండ్‌మెయిల్‌లో అట్టి లోపములు ఏండ్ల తరబడి బయటపడుచునే యుండెను.

1988 నవంబరు 2న రాబర్టు మోరిస్ అను విద్యార్థి వదలిన 'పురుగు' ప్రోగ్రాము వేలకొలది యంత్రములను స్తంభింపజేసినప్పుడు, అది ప్రవేశించిన దారులలో ఒకటి సెండ్‌మెయిలే. ప్రోగ్రాము వ్రాయువారు పరీక్షలకై ఉంచుకొన్న పెరటి తలుపు ఒకటి అనేక చోట్ల తెరచియే ఉండెను. దాని ద్వారా ఉత్తరము వేషములో ఆజ్ఞలను లోపలికి పంపవచ్చును. ఈ కథను చెప్పునప్పుడు మన ఉపాధ్యాయులు సాధారణముగా ఒక సంగతిని వదలివేయుదురు. ఆ పురుగు రూటు అధికారమునకై ప్రయత్నింపనే లేదు. అది లేకయే అంత పని చేసినది. ఈ సంగతిని పాఠకులు మనస్సులో ఉంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

ఇదంతయు తెలియక జరిగినదనుటకు వీలులేదు. 1975లోనే మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థకు చెందిన జెరోం సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అను ఇద్దరు తమ ప్రసిద్ధ వ్యాసములో కంప్యూటరు రక్షణకు ఎనిమిది సూత్రములు చెప్పియుండిరి. అందులో ఒకదానిని మనము కనిష్ఠాధికార సూత్రము అనవచ్చును. ప్రతి ప్రోగ్రామును, ప్రతి మనిషియు, తన పనికి అవసరమైనంత అధికారముతోనే నడవవలెనని దాని సారాంశము. మరియొక సూత్రము, అనుమతి లేదనుటయే మొదటి స్థితిగా ఉండవలెననునది. వేరొకటి, రక్షణ ఏర్పాటు మనుష్యులు సులభముగా వాడుకొనగలిగినదై ఉండవలెననునది. ఈ చివరిదానిని సూత్రముల పట్టికలో అలంకారముగా చదివి విడిచిపెట్టుట ఆచారమైనది.

ఈ సూత్రములను ఉత్తరముల ప్రోగ్రాములో మొదట నిష్ఠతో పాటించినవాడు డానియల్ బెర్న్‌స్టీన్ అను గణితవేత్త. 1990 దశకపు నడుమ ఆయన వ్రాసిన క్యూమెయిల్‌లో ఒక్క ప్రోగ్రామునకు బదులు చిన్న చిన్న ప్రోగ్రాములు అనేకము గలవు. వాటికి ఏడు వేర్వేరు పేర్లు. వీధి తలుపు వద్ద ఉత్తరము తీసికొనువానికి సంచిని తాకు అధికారము లేదు, సంచిని కాచువానికి వీధితో మాటలు లేవు. రూటు పేర నడచు భాగములు కొద్ది, చేయు పని మరింత కొద్ది. మరియొక విశేషము: క్యూమెయిల్ రూటుకు ఉత్తరము అందజేయదు. సర్వాధికారికి వచ్చిన ఉత్తరమును అందజేయవలెనన్నచో ఆ క్షణమున సర్వాధికారి వేషము వేయవలెను. అది తనకు వద్దని బెర్న్‌స్టీన్ నిశ్చయము. 1997లో ఆయన, తన ప్రోగ్రాములో రక్షణలోపము చూపినవారికి 500 డాలర్లు ఇత్తునని ప్రకటించెను.

ఇక్కడ కథ ఒక వింత మలుపు తిరుగును. పదేండ్ల తరువాత, 2007లో, ఇదే బెర్న్‌స్టీన్ ఒక వ్యాసము వ్రాసి, కనిష్ఠాధికార సూత్రము మూలములోనే పొరపాటనెను. ఏడు పేర్లుగా విభజించిన తన శ్రమ కూడ దారితప్పిన శ్రమయే అనెను. ఆయన వాదము ఇది: అధికారము తగ్గించినంత మాత్రమున లోపము పోదు, లోపము చేయు హాని కొంత తగ్గవచ్చును, అంతే. మనము చేయవలసినది తప్పులను తగ్గించుట, ప్రోగ్రాము పరిమాణమును తగ్గించుట, అన్నిటికంటె ముఖ్యముగా 'నమ్మక తప్పని భాగము'ను తగ్గించుట. బొమ్మను విప్పి చూపు ప్రోగ్రామును తలుపులు లేని గదిలో బంధించి, ఒక ప్రక్క నుండి మూట ఇచ్చి రెండవ ప్రక్క నుండి బొమ్మ మాత్రము తీసికొన్నచో, ఆ ప్రోగ్రాము ఎంత చెడ్డదైనను ఆ బొమ్మను తప్ప మరి దేనిని చెరుపలేదు. అట్టి బంధనము మేలు. కాని ఉత్తరమును చదువు భాగమునకు రూటు పేరు తీసివేసి వేరొక పేరు పెట్టి, ఉత్తరములన్నియు దాని చేతిలోనే ఉంచినచో సాధించినదేమి?

తన పుస్తకమును తానే ఇంత నిర్దాక్షిణ్యముగా విమర్శించిన రచయితలు అరుదు. ఆ వ్యాసమును నేను మొదటిసారి చదివినప్పుడు పాఠము చెప్పుట మానవలెననిపించెను. తరువాతి చరిత్ర నాకు కొంత ఊరట నిచ్చినది. 2005లో జార్జి గునిన్‌స్కీ అను పరిశోధకుడు క్యూమెయిల్‌లో, యంత్రమునకు జ్ఞాపకస్థానము చాల ఎక్కువ ఉన్నప్పుడు మాత్రమే బయటపడు సంఖ్యాదోషములను చూపెను. అంత జ్ఞాపకస్థానమును ఎవరును ఒక ప్రోగ్రామునకు ఇయ్యరని బెర్న్‌స్టీన్ దానిని లోపముగా ఒప్పుకొనలేదు. కాలము మారినది, యంత్రములు పెద్దవైనవి. 2020 మే నెలలో క్వాలిస్ అను సంస్థవారు, ఆ దోషముల ద్వారానే దూరము నుండి క్యూమెయిల్ యంత్రములోనికి ప్రవేశింపవచ్చునని చూపిరి. ఏ వాడుకరి పేరనైనను ఆజ్ఞలు నడపగలిగిరి, ఒక్క రూటు పేర తప్ప! రూటుకు ఉత్తరము అందజేయనన్న ఆ పాత నిశ్చయమే అడ్డుగోడగా నిలిచినది. దారితప్పిన శ్రమ అని రచయిత త్రోసిపుచ్చిన పనియే, ఆయన ఒప్పుకొనని తప్పు నుండి యంత్రమును కాపాడెను.

అట్లని బెర్న్‌స్టీన్ ఓడిపోయెననుట తొందరపాటు. ఆ యంత్రములో పెట్టెగల ఒక లెక్కల ఉపాధ్యాయుని తలచుకొనుడు. ప్రవేశించిన దొంగ రూటు కాలేదు. కాని ఉపాధ్యాయుని ఉత్తరములన్నియు చదివినాడు. "యంత్రము క్షేమము" అన్న మాట ఆయనకేమి ఓదార్పు? మోరిస్ పురుగునకు సర్వాధికారముతో పని లేకపోయినట్లే, ఉత్తరముల దొంగకును దానితో పని లేదు. మా సంస్థలో ఆ సాయంకాలమున పెట్టెలన్నియు మూసిన స్క్రిప్టుకు కూడ యంత్రముపై సర్వాధికారము అక్కరలేదు, పెట్టెలపై అధికారము చాలినది. కనుక నా అభిప్రాయమిది. 1975 నాటి సూత్రము తప్పు కాదు. దానిని మనము పదవుల నిచ్చెనగా చదివితిమి. పైమెట్టు అడ్మినిస్ట్రేటరు, క్రిందిమెట్టు సామాన్యుడు, పై మెట్టును విడిచినచో ధర్మము నెరవేరినట్లే అనుకొంటిమి. అడుగవలసిన ప్రశ్న మెట్టును గూర్చినది కాదు. ఈ స్క్రిప్టు పొరబడినచో ఎవరి ఉత్తరములు పోవును, ఎన్ని పోవును అన్నది. ఈ ప్రశ్నను 'అడ్మినిస్ట్రేటరుగా నడపుము' అను వాక్యము అడుగనీయదు. 'అడ్మినిస్ట్రేటరుగా నడపకుము' అను వాక్యము సైతము అడుగనీయదు.

వీట్సె వెనెమా అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని ఐ.బి.యం. పరిశోధనాలయములో ఉండి 1998లో విడుదలచేసిన పోస్ట్‌ఫిక్స్‌ను గూర్చి ఎక్కువ వ్రాయ పనిలేదు. అది క్యూమెయిల్ వంటి విభజననే సులభముగా వాడదగిన రూపములో ఇచ్చినది. నేడు మన ప్రయోగశాలలలోని లినక్సు యంత్రములపై చూపుటకు అంతకంటె మంచి ఉదాహరణము లేదు.

ఇక ఎక్స్చేంజ్ సంగతి. మైక్రోసాఫ్ట్ వారు 1996లో మొదట విడుదలచేసిన ఈ సర్వరును 2007 సంచిక నుండి పవర్‌షెల్ ఆజ్ఞలతో నడపుట ఆరంభమైనది. 2010 సంచికలో 'పాత్రల' పద్ధతి వచ్చినది. నాటకములో వలె ఒక్కొక్కరికి ఒక్కొక్క పాత్ర. ఆ పాత్రకు ఏ ఆజ్ఞలు గలవో అవి మాత్రమే వాని తెరపై కనిపించును, తక్కినవి అసలు లేనట్లే ఉండును. పైగా ఆ ఆజ్ఞ ఎవరి పెట్టెలపై పనిచేయవచ్చునో హద్దు గీయవచ్చును. విద్యార్థుల పెట్టెలకే హద్దు గీచిన పాత్రను మా కుర్రవానికి ఇచ్చియుండినచో, అదే ఖాళీ పంక్తి, అదే స్క్రిప్టు, అధ్యాపకుల పెట్టెలలో ఒక్కదానిని మూయలేకపోయెడిది. ఇది నేను ఇంతవరకు చెప్పిన ప్రశ్నకు సూటియైన సమాధానము, మెచ్చుకొనదగినది. వేరొక సొగసు కూడ కలదు. పెట్టెలోని ఉత్తరములనన్నిటిని మూటకట్టి బయటికి తీయు పాత్ర మొదట ఎవరికిని ఇయ్యబడియుండదు, పెద్ద అధికారికి సైతము. కావలెనన్నచో పనిగట్టుకొని ఇచ్చుకొనవలెను.

మెప్పు ఇంతటితో ఆపవలెను. పాత్రల పద్ధతి ముందు గుమ్మపు కాపలా మాత్రమే. గుమ్మములో అనుమతి చూచిన తరువాత ఆ ఆజ్ఞను నిజముగా నడపునది సర్వరు, తన సొంత అధికారముతో. ఆ సొంత అధికారము ఎంత? 2019 జనవరిలో డిర్క్ యాన్ మొల్లెమా అను పరిశోధకుడు చూపినదేమనగా, ఎక్స్చేంజ్‌కు మామూలుగానే సంస్థలోని ఖాతాలన్నిటి పట్టికపై, అనుమతులనే తిరిగి వ్రాయగల అధికారమియ్యబడియున్నది. ఒక సామాన్యమైన పెట్టె గలవాడు దానిని ఆసరాచేసికొని సంస్థకంతటికిని అధిపతి కావచ్చును. మరుసటి నెలలో మైక్రోసాఫ్ట్ వారు ఆ అధికారమును తగ్గించిరి. 2021 మార్చి 2న వారు అత్యవసరముగా సవరణలు విడుదల చేయవలసివచ్చిన దాడిలో, వీధి నుండి వచ్చినవాడు సరాసరి యంత్రపు సర్వాధికారి కాగలిగెను. అదే సంవత్సరము ఆగస్టులో వెల్లడియైన మరియొక దారిలో, దొంగ మొదట అధికారి వేషము వేసికొని, ఎవరికిని ఇయ్యబడని ఆ మూటకట్టు పాత్రను తనకు తాను ఇచ్చుకొనెను! పాత్రలు పంచువాని చేయి దొరికినచో పాత్రల పట్టిక కాగితముతో సమానము.

2023లో అద్దె సర్వరులలోని ఉత్తరములకు సైతము ఇదే గతి పట్టినది. 2016లో తయారైన ఒకే సంతకపు తాళపుచెవి దొంగల చేతికి చిక్కినది. ఇండ్లవారి ఖాతాలకై చేసిన ఆ చెవి కార్యాలయముల పెట్టెలను కూడ తెరచినది. 22 సంస్థల, 500 మందికి పైగా వ్యక్తుల ఉత్తరములు బయటపడినవి. అమెరికా ప్రభుత్వపు సమీక్షామండలి 2024 ఏప్రిలులో వెలువరించిన నివేదికలో, ఇది నివారింపదగినదే అని కటువుగా వ్రాసినది. ఆ సంస్థకు 2014 నుండి అధిపతి హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ. తెలుగువాడన్న అభిమానము విమర్శకు అడ్డురారాదు. అట్లే, మరుసటి నెలలో ఆయన తన ఉద్యోగులకు లేఖ వ్రాసి, కొత్త సదుపాయముల కంటె రక్షణకే ముందుచోటని చెప్పుటను విస్మరింపరాదు.

ప్రయోగ పుస్తకములు వ్రాసినవారి పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. నలుబదిమంది విద్యార్థులు, రెండు గంటల కాలము, నడుమ కరెంటు పోవుట. 'అనుమతి లేదు' అని తెరపై వచ్చినప్పుడు పదుల కొలది పాత్రలలో ఏది తక్కువైనదో వెదకుటకు తీరిక ఎవరికున్నది? ఆ పాత్రల పట్టికను చూచినవారు నాతో ఏకీభవింతురు. అది సామాన్యుడు విప్పదగిన చిక్కు కాదు. సులభముగా వాడుకొనదగినదై ఉండవలెనన్న 1975 నాటి సూత్రమును అలంకారముగా చదివి విడిచిన ఫలమిది. తాళము తీయుట కష్టమైన ఇంటివారు తలుపునకు రాయి అడ్డుపెట్టి తెరచియే ఉంచుదురు.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయ మిత్రులు ఖర్చు లేకుండ చేయదగిన ప్రయోగము ఒకటి కలదు. పోస్ట్‌ఫిక్స్ ఉన్న ఏ లినక్సు యంత్రములోనైనను, నడచుచున్న ప్రోగ్రాముల పట్టికను చూపు 'పీఎస్' అను ఆజ్ఞ ఇచ్చి, ఎడమ వరుసలోని పేర్లను పిల్లలచేత చదివింపుడు. 'మాస్టర్' అను యజమాని రూటు పేర ఉండును. సంచిని కాచువాడు, ఉత్తరములను ఏరుకొనువాడు 'పోస్ట్‌ఫిక్స్' అను నిరాడంబరమైన పేర ఉందురు. వీడు పొరబడినచో ఏమి పోవును, వాడు పొరబడినచో ఏమి పోవునని ఒక్కొక్కరిని గూర్చి అడుగవలెను.

మా ప్రయోగశాలలో ఈ యేడు ఆ పాత వాక్యమును కొట్టివేసి, రికార్డు పుస్తకములో రెండు గడులు గీయించితిని. ఒకదానిలో 'ఏ అధికారముతో నడపితివి', రెండవదానిలో 'ఎందులకు'. మొదటి వారము వచ్చిన రికార్డులలో ఎక్కువవాటిలో రెండవ గడిలో వ్రాసియున్నది, "నడవదు కనుక" అని. జగ్గయ్యపేట నుండి రోజును బస్సులో వచ్చు ఒక అమ్మాయి మాత్రము ఒకే మాట వ్రాసినది, "తెలియదు". ఆ గడికి పూర్తి మార్కులు వేసితిని. మరునాడు ఆమెయు నేనును కూర్చుండి ఆ స్క్రిప్టును పంక్తి పంక్తిగా చదివి చూచితిమి. పదునాలుగు పంక్తులలో అధికారము కావలసినది ఒక్క దానికే.